భీమునిపట్నంలో రెండు రోజులు ఉండవచ్చునా? ఏమేమి చూడవచ్చు?

ఇందూరు వాసి అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. జనవరిలో పుష్య పౌర్ణమి కలిసివచ్చేలా నిజామాబాద్ నుంచి విశాఖపట్నం వైపు రావాలని అనుకుంటున్నాము. వచ్చేది మా అమ్మగారు, నేను, నా భార్య, పదమూడేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి. అమ్మ బాసరలో గోదావరి స్నానం ఎన్నోసార్లు చేసింది గాని సముద్ర స్నానం ఇంతవరకు చేయలేదు. పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకకూడదన్న పాత పట్టింపు ఆమెకు ఉంది. అందువల్లనే పౌర్ణమి చూసుకుని బయలుదేరుతున్నాము.

విశాఖ నగరంలో ఇంతకు ముందు మేము ఉన్నాము. ఆ రద్దీలో మళ్ళీ ఉండాలని లేదు కాబట్టి ఈసారి రెండు రాత్రులూ భీమునిపట్నంలోనే (భీమిలిలోనే) బస చేయాలన్నది నా ఆలోచన. అయితే అడిగిన ప్రతివారూ, భీమిలి అంటే బీచ్ రోడ్డు చివర కారు వెనక్కి తిప్పుకునే చోటు మాత్రమేననీ, అక్కడ గంటకు మించి చూడవలసింది ఏమీ లేదనీ చెబుతున్నారు. అది నిజమేనా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఆమె శాకాహారి, మేము చేపలు తింటాము. పిల్లలకు కాలక్షేపం కావాలి గాని అది ఆటస్థలాలతోనే కావాలని లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

గోస్తనీ తీరవాసి జవాబు:

నమస్కారమండీ. నేను భీమిలిలోనే పుట్టి పెరిగినవాడిని కాబట్టి కొంత పక్షపాతం ఉంటే మన్నించగలరు. మీకు చెప్పినవారంతా మధ్యాహ్నం పూట కారులో వచ్చి, దీపస్తంభం దగ్గర ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు తిని వెళ్ళినవారే అయి ఉంటారు. మా ఊరు ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తరువాత మేలుకుని ఉండే ఊరు. రాత్రి ఇక్కడ పడుకోనివారికి ఆ రెండు పూటలూ దక్కవు. మీరు ఉండాలనుకున్నది సరైన ఆలోచనే.

మొదట సముద్రపు ఒడ్డు సంగతి. జనవరి మొదట్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. అప్పటికే వేటకు వెళ్ళిన ఫైబర్ బోట్లు ఒక్కొక్కటిగా ఒడ్డుకు చేరుతుంటాయి. బోటును ఇసుక మీదికి ఎక్కించడం, వలల నుంచి చేపలను విడదీయడం, గంపలకు ఎత్తడం, అక్కడికక్కడే వేలంపాట పాడి అమ్మడం అన్నీ మీ కళ్ళ ముందే జరుగుతాయి. అమ్మకం దాదాపు అంతా ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తుంది. అదృష్టం బాగుంటే అలివి వల లాగడం కూడా చూడవచ్చు. పడవ మీద తీసుకువెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసిన పెద్ద వలను, దాని రెండు కొసలూ పట్టుకుని రెండు జట్ల మనుషులు ఒడ్డు మీద నుంచి లాగుతారు. అది గంటల పని, పిల్లలు కదలకుండా చూస్తారు. దారికి అడ్డం రాకుండా పక్కన నిలబడి చూడండి, ఫొటో తీసే ముందు అడగండి. వాళ్ళకు అది ఆ రోజు కూలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లతో వేట నిషేధం ఉంటుంది గాని మీరు వచ్చేది జనవరి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కోనాం, చందువ, రొయ్యలు, పీతలు, ఏది దొరికితే అది మీ బసలో వండిపెట్టగలరేమో ముందుగానే మాట్లాడుకోండి. అమ్మగారికి ఊరిలోని చిన్న హోటళ్ళలో ఇడ్లీ, పెసరట్టు, మామూలు భోజనం దొరుకుతాయి. ఆ రోజుల్లో తాటితేగల కాలం కూడా నడుస్తుంటుంది. మీ వైపు గేగులంటారు. కాల్చినవో ఉడకబెట్టినవో కట్టలు కట్టి అమ్ముతారు, పిల్లలకు తప్పక రుచి చూపించండి.

రెండవది ఊరు. ఇది ఇప్పుడు మహావిశాఖ నగరపాలక సంస్థలో భాగమే గాని, 1861లోనే మున్సిపాలిటీ అయిన పాత రేవుపట్నం. పదిహేడవ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ వారు నేత బట్టల వ్యాపారం కోసం ఇక్కడ స్థిరపడ్డారు. 1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ మధ్య కుదిరిన ఒప్పందంతో భారతదేశంలోని మిగతా డచ్ స్థావరాలతో పాటు ఇదీ ఇంగ్లీషువారి పాలైంది. బీచ్ దగ్గరి డచ్ శ్మశానంలో కొన్ని సమాధులు సన్నగా పైకి లేచిన గోపురాల్లా ఉంటాయి. ఉప్పుగాలికి అరిగిపోయిన రాతిపలకల మీద అక్షరాలు ఇంకా అక్కడక్కడ చదవవచ్చు. ఇంటికి వేల మైళ్ళ దూరంలో చనిపోయిన వర్తకులు, వాళ్ళ పసిపిల్లలు అక్కడ ఉన్నారు. అక్కడ కేకలు వేయకుండా, సమాధుల మీదికి ఎక్కకుండా చూడమని మీ పిల్లలకు ముందే చెప్పండి. చాలామంది సందర్శకులకు ఆ సంగతి ఎవరూ చెప్పరు, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అక్కడి నుంచి దీపస్తంభం, గంటస్తంభం, పాత చర్చి, పెంకుటిళ్ళ వీధులు అన్నీ నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. రేవుపట్నం అన్నాను గాని ఇక్కడ ఓడ ఒడ్డును ఆనుకునే వీలు ఏనాడూ లేదు. ఓడలు లోపల లంగరు వేస్తే, మేకులు లేకుండా పలకలను తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు సరుకును అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. ఆ సంగతి తెలిసి చూస్తే, ఖాళీగా కనిపించే ఆ ఇసుక ఒడ్డు ఒకప్పుడు ఎంత సందడిగా ఉండి ఉంటుందో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

మూడవది గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర రాతిని తొలుచుకుని వచ్చిన ఆ నది మా ఊరి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. సాయంత్రం నది ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, నీటిపక్షులు కనిపిస్తాయి, అమ్మగారు కూర్చుని చూడవచ్చు. మీరు ఎప్పుడైనా బొర్రా గుహలకు వెళ్ళి ఉంటే, అక్కడ చూసిన నీళ్ళే ఇక్కడికి వచ్చాయని పిల్లలకు పటం మీద చూపించండి.

పావురాలకొండకు మాత్రం అమ్మగారిని తీసుకువెళ్ళవద్దు. దానినే నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. కొండ మీద స్వామి ఆలయం, ఇంకా పైన రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారపు శిథిలాలు, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. పైనుంచి ఊరు, నదీ ముఖం, సముద్రం ఒకేసారి కనిపిస్తాయి. మీలో ఒకరు పిల్లలను తీసుకుని ఎండ ఎక్కకముందే వెళ్ళి వస్తే చాలు. నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి.

భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు జవాబు:

పై జవాబులో ఊరి గురించి చక్కగా చెప్పారు. ఎర్రమట్టి దిబ్బల ప్రస్తావన రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను. విశాఖ నుంచి భీమిలికి వచ్చే దారిలోనే, ఊరికి కొద్ది దూరంలో ఉన్న ఈ దిబ్బలను 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా వీటికి చోటు దక్కింది. ఇటువంటి ఎర్ర ఇసుక నిక్షేపాలు దక్షిణాసియాలో తమిళనాడులోని తేరి ఇసుకల వంటి కొద్ది చోట్ల మాత్రమే ఉన్నాయి. అందువల్ల వీటిని సినిమా పాటల చిత్రీకరణ స్థలంగా మాత్రమే చూసి రావడం సరికాదని నా అభిప్రాయం.

పిల్లలకు ఇలా చెప్పండి. సుమారు ఇరవై వేల సంవత్సరాల క్రితం భూమి మీద చలి ఎక్కువై, చాలా నీరు మంచుగా గడ్డకట్టి ఉన్న కాలంలో సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. నేడు మీరు అలలు చూసే చోటు అప్పుడు పొడి నేల. బయటపడిన ఆ తీరపు ఇసుకను గాలి ఎత్తి కొండల పాదాల దగ్గర దిబ్బలుగా పోసింది. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాళ్ళ నుంచి వచ్చిన ఇసుకలో గార్నెట్ వంటి ఇనుము ఉన్న ఖనిజాలు ఉంటాయి. వేల ఏళ్ళ పాటు ఎండా వానా తగిలి ఆ ఇనుము తుప్పు పట్టి, ప్రతి రేణువు చుట్టూ ఎర్రటి పొరగా ఏర్పడింది. ఇసుక ఇంకా గట్టి రాయి కాలేదు కాబట్టి వాననీరు దానిని సులువుగా కోసి లోతైన గండ్లుగా మార్చింది. ఆ గండ్ల మధ్య నడుస్తూ గోడలను పరిశీలిస్తే రంగు ఒకేలా ఉండదని, కొన్ని పొరలు ముదురు ఎరుపుగా, కొన్ని పసుపుగా ఉంటాయని మీ పిల్లలే గమనిస్తారు.

ఇదే కారణంగా మరొక విన్నపం. గట్ల అంచుల మీదికి ఎక్కవద్దు, గోడల మీద పేర్లు చెక్కవద్దు, మట్టి తవ్వి సీసాలలో తీసుకువెళ్ళవద్దు. ఒక్క అడుగు బలంగా పడితే జారిపోయే నేల అది. మనుషుల రాకపోకల వల్ల, చుట్టూ పెరుగుతున్న కట్టడాల వల్ల దిబ్బలకు ఇప్పటికే చాలా నష్టం జరిగింది. మీ అమ్మగారు అంచుల నుంచే చూడవచ్చు, లోపలి నడక ఇసుకలో కాబట్టి మోకాళ్ళకు కష్టం. వెళ్ళవలసిన వేళ ఉదయం గాని, సాయంత్రం నాలుగు తరువాత గాని. జనవరిలో ఐదున్నర దాటితే చీకటి పడుతుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు, గండ్లలో దారి తప్పడం తేలిక.

ఇంకొక చిన్న పని. భీమిలి బీచ్‌లో తెల్ల ఇసుక మీద అక్కడక్కడ నల్లటి, గులాబీ రంగు చారలు కనిపిస్తాయి. గులాబీవి గార్నెట్ రేణువులు, నల్లవాటిలో ఎక్కువ భాగం ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం. అలలు తేలిక రేణువులను కొట్టుకుపోయి బరువైనవాటిని వదిలివెళ్ళడం వల్ల అలా చారలు ఏర్పడతాయి. ఒక మంచి అయస్కాంతాన్ని పలుచటి కవరులో పెట్టి మీ అబ్బాయి చేతికి ఇవ్వండి. నల్ల ఇసుకలో కొన్ని రేణువులు దానికి అంటుకోవడం చూసి అతను అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మీరే సిద్ధపడాలి.

మధురవాడ నివాసి జవాబు:

పెద్దలు ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూనే ఒక మాట. వయసు మళ్ళినవారు, పిల్లలు కలిసి వస్తున్నప్పుడు రెండు రాత్రులూ భీమిలిలోనే అనుకోవడం కంటే, ఒక రాత్రి భీమిలిలోనూ ఒక రాత్రి విశాఖ నుంచి భీమిలికి వచ్చే దారిలోని రుషికొండ వైపూ ఉంటే మంచిదని నాకు తోస్తున్నది. భీమిలిలో బస చేయదగిన చోట్లు ఉన్నాయి గాని నగరంతో పోలిస్తే ఎంపిక తక్కువ. పెద్ద ఆసుపత్రులు కావాలంటే నగరం వైపే రావాలి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చేది) వచ్చిన తరువాత బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు వంటి వసతులు ఏర్పడ్డాయి. అమ్మగారి స్నానం అయ్యాక తడిబట్టలతో ఇబ్బంది పడకుండా ఉండటానికి ఈ వసతి పనికివస్తుంది.

దారిలో తొట్లకొండను వదలవద్దు. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్నా వాహనం దాదాపు పైదాకా వెళుతుంది కాబట్టి అమ్మగారు కూడా రావచ్చు. 1976లో నౌకాదళం కోసం జరిగిన విహంగ సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రంలో 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న గదుల పునాదులు, నీటి తొట్లు చూడవచ్చు. ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు దొరికాయి. సముద్ర వ్యాపారం చేసినవారు ఈ విహారాలను పోషించారనడానికి అవి ఆధారం. మెట్ల మీద నిలబడి కింద సముద్రాన్ని చూస్తే, ఓడల రాకపోకలు కనిపించే చోటునే భిక్షువులు ఎందుకు ఎంచుకున్నారో ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. బావికొండ అనే మరొక బౌద్ధ క్షేత్రం కూడా దగ్గరలోనే ఉంది గాని, సమయం తక్కువైతే రెండింటిలో తొట్లకొండనే చూడండి.

ఇందూరు వాసి:

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంత వివరంగా జవాబులు వస్తాయని అనుకోలేదు. ఎర్రమట్టి దిబ్బల విషయం చదివి వినిపిస్తే మా అమ్మాయి అప్పుడే పటాలు వెతకడం మొదలుపెట్టింది. రెండు సందేహాలు మిగిలాయి. పౌర్ణమి నాడు అమ్మ స్నానం భీమిలిలోనే చేయవచ్చునా, లేక రుషికొండకే వెళ్ళాలా? గోదావరిలో మునిగినట్లే మునగాలని ఆమె పట్టుదల. రెండవది, బస విషయంలో మీ ఇద్దరి అభిప్రాయాలూ వేరుగా ఉన్నాయి. మా వంటివారికి ఏది మేలు?

గోస్తనీ తీరవాసి జవాబు:

రెండింటికీ సూటిగానే చెబుతాను, ముఖ్యంగా మొదటిదానికి. దయచేసి అమ్మగారిని మునగనివ్వకండి. నదిలో నీరు ఒకే వైపు సాగుతుంది, మెట్లు ఉంటాయి, పట్టుకోవడానికి గొలుసులు ఉంటాయి. ఇక్కడ అల వచ్చేటప్పుడు ఉన్న బలం కంటే వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను లాగే బలం ఎక్కువ. మా తీరంలో నేల కొద్ది అడుగులలోనే లోతుకు దిగిపోతుంది. దానికి తోడు పౌర్ణమి, అమావాస్యలకు చంద్రుడు, సూర్యుడు, భూమి ఒకే వరుసలో ఉండటం వల్ల పోటు మామూలు రోజులకంటే ఎక్కువగా వస్తుంది. పర్వదినమని మనం దిగేది సముద్రం బలంగా ఉన్న రోజునే అన్నమాట. ఏటా ఈ తీరంలో ప్రాణాలు పోయేవారిలో ఈత వచ్చినవారు కూడా ఉంటున్నారు. నదీ ముఖం దగ్గర అయితే పైకి నీరు ప్రశాంతంగా కనిపించినా అడుగున ప్రవాహాలు ఉంటాయి. అక్కడ పిల్లలను కూడా కాలు పెట్టనివ్వవద్దు.

చేయవలసింది ఇది. ఉదయాన్నే ఒడ్డున ఉన్న మత్స్యకారులను ఆ రోజు పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని అడగండి. గడియారం చూడకుండానే చెబుతారు. పాటు సమయంలో, అల పలుచబడి ఇసుక మీద పాకే చోట అమ్మగారిని కూర్చోబెట్టి, చెరొక వైపు మీరిద్దరూ చేయి పట్టుకుని, చెంబుతో తల మీద నీళ్ళు పోయండి. మా ఊరి పెద్దవాళ్ళు మాఘ, కార్తిక స్నానాలు అలాగే చేస్తారు, స్నానఫలానికి ఏ లోటూ రాదని నమ్ముతారు. ఆ మాట నేను చెప్పానని అమ్మగారికి చెప్పండి. ఈ పద్ధతిలో అయితే భీమిలి అయినా రుషికొండ అయినా ఒకటే. భీమిలిలో చేస్తే బస దగ్గరలోనే ఉంటుంది కాబట్టి వెంటనే గదికి వెళ్ళి పొడిబట్టలు కట్టుకోవచ్చు.

బస విషయంలో మధురవాడ వారు ఆసుపత్రి గురించి చెప్పింది విలువైన మాట. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు తప్ప గుండెకు, ఊపిరికి సంబంధించిన ఇబ్బందులు ఏవైనా ఉంటే ఆయన చెప్పినట్లే చేయండి. లేకపోతే పౌర్ణమి రాత్రి మాత్రం తప్పక భీమిలిలో ఉండండి. మన తీరం తూర్పుముఖంగా ఉంది కాబట్టి సూర్యాస్తమయం కొండల వెనుక అవుతుంది, సముద్రంలో కనిపించదు. పౌర్ణమి నాడు దాదాపు అదే సమయానికి చంద్రుడు సముద్రంలో నుంచి పైకి వస్తాడు. అప్పటికి పగటిపూట వచ్చిన కార్లు చాలావరకు వెళ్ళిపోయి ఉంటాయి. ఆ తరువాత ఇంకొక రాత్రి ఉండదలిస్తే రుషికొండకు మారినా నష్టం లేదు, అప్పటికి మా ఊరిలో ముఖ్యమైనవన్నీ చూసేసి ఉంటారు.

ప్రయాణం గురించి అడగలేదు గాని చెబుతున్నాను. హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతారు. అక్కడి నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు తరచుగా ఉన్నాయి గాని సామానుతో, అమ్మగారితో కాబట్టి కారు మాట్లాడుకోవడమే మేలు. ఉదయమే వస్తారు కాబట్టి తొట్లకొండ వద్ద ఆగవద్దు, రాత్రి రైలు ప్రయాణం తరువాత ఎవరికీ ఓపిక ఉండదు. నేరుగా భీమిలి వచ్చి విశ్రాంతి తీసుకుని, సాయంత్రం డచ్ శ్మశానం, దీపస్తంభం వైపు నడవండి. మరుసటి ఉదయం బోట్లు, స్నానం, పిల్లలకు పావురాలకొండ. ఎర్రమట్టి దిబ్బలు ఆ సాయంత్రం, తొట్లకొండ తిరుగు ప్రయాణంలో.